పాతకాలపు గ్రీకు కప్పు కొనేముందు ఎలా పరీక్షించాలి? బొమ్మ ఆఖర్న చూడండి

"ఆన్‌లైన్ వేలంలో ఒక గ్రీకు కప్పు చూశాను. నల్ల గిన్నె మీద గుడ్లగూబ బొమ్మ. రెండున్నర వేల ఏళ్ల నాటిదట, ఆరొందల డాలర్లకే వస్తోంది. కొనెయ్యమంటారా?"

కప్పు మారుతుంది, ధర మారుతుంది, ప్రశ్న మాత్రం ఇదే. అడిగేవాళ్లలో ఎక్కువమంది అమెరికాలోనో, ఇంగ్లండులోనో ఉంటున్న మనవాళ్లు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు మొత్తం పద్ధతి ఇక్కడ పెడుతున్నాను.

ఆ ధరకు అసలుది దొరకదని కాదు. ఏథెన్స్‌లోనూ, దక్షిణ ఇటలీలోని గ్రీకు ఊళ్లలోనూ వైన్ తాగే మట్టి కప్పులు విరివిగా చేసి అమ్మిన సరుకే. బొమ్మల్లేని నల్ల కప్పులు, చిన్న గుడ్లగూబ కప్పులు ఇప్పటికీ కొన్ని వందల డాలర్లకు చేతులు మారుతుంటాయి. కాబట్టి చౌకగా ఉందని నకిలీ అనుకోకండి, ఖరీదుగా ఉందని అసలు అనుకోకండి.

కొత్తగా కొనేవాళ్లు మొదట బొమ్మ చూస్తారు. బొమ్మ బాగుంటే మనసు అప్పుడే కొనేస్తుంది. ఆ తర్వాత కనబడేదంతా దానికి వత్తాసు పలుకుతున్నట్టే ఉంటుంది. నకిలీ చేసేవాడు కష్టమంతా బొమ్మ మీదే పెడతాడు, కప్పు అడుగున పెట్టడు. అందుకే కింది వరసలో కాగితాలు ముందు, కప్పు అడుగు తర్వాత, బొమ్మ చాలా కిందికి వస్తాయి. వరస మార్చకండి.

కావలసినవి

- నగల షాపువాళ్లు వాడే భూతద్దం, 10ఎక్స్ ది.
- 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి. చౌకగా దొరికే 395 రకం వద్దు. దాని ఊదా వెలుగులో అసలు తేడాలు కనబడవు.
- మామూలు ఎల్‌ఈడీ టార్చి.
- మందపాటి తువ్వాలు, వంటింటి డిజిటల్ తూకం, కొలత టేపు.
- దగ్గరి ఫోటోలు తీయగల ఫోన్, ఒక నోట్‌బుక్.

చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. నూలు గ్లవ్స్ వేసుకోకండి, నున్నటి పూత మీద జారతాయి. వేసుకోవాలనుకుంటే నైట్రైల్ గ్లవ్స్ వాడండి.

1. ముందు అదేమిటో పేరు పెట్టండి

"గ్రీకు కప్పు" అంటే చాలదు. ఆకారం, చేసిన చోటు, కాలం మూడూ తెలిస్తేనే తర్వాతి పరీక్షల్లో ఏం వెతకాలో తెలుస్తుంది.

కైలిక్స్ వెడల్పాటి లోతులేని గిన్నె. కింద కాడ, పాదం, పక్కలకు రెండు పిడులు. లోపల అడుగున గుండ్రటి చట్రంలో బొమ్మ ఉంటుంది, వైన్ తాగుతున్నకొద్దీ అది బయటపడుతుంది. అడుగున మిగిలిన మడ్డిని గురి చూసి విసిరే కొట్టబోస్ అనే ఆట కూడా విందుల్లో ఈ కప్పుతోనే ఆడేవారు. స్కైఫోస్ లోతుగా ఉంటుంది, కాడ ఉండదు, పిడులు అంచు దగ్గర ఉంటాయి. కాంథారోస్‌కి అంచుకన్నా పైకి లేచిన నిలువు పిడులు. కుండల మీద వైన్ దేవుడు డయోనిసస్ చేతిలో తరచూ కనబడేది అదే.

మీరు అడిగే గుడ్లగూబ కప్పు స్కైఫోస్‌లో ఒక రకం. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్‌లో చేశారు, దక్షిణ ఇటలీలో అనుకరించారు. గుడ్లగూబకి రెండు పక్కలా ఆలివ్ రెమ్మలు ఉంటాయి. ఒక పిడి అడ్డంగా, ఇంకొకటి నిలువుగా ఉంటుంది. రెండు పిడులు రెండు రకాలుగా ఉన్నాయని చూసి "ఇది అతికిందేమో" అని టెన్షన్ పడకండి, ఆ రకమే అంత.

కాలాన్ని ఇలా గుర్తుంచుకోండి. ఎర్రమట్టి మీద నల్ల బొమ్మలుండి, లోపలి గీతలు గీకినట్టు ఉంటే నల్లబొమ్మల పద్ధతి. ఏథెన్స్‌లో అది క్రీ.పూ. 6వ శతాబ్దమంతా సాగింది. నల్ల నేపథ్యంలో బొమ్మలు ఎర్రగా వదిలేసి ఉంటే ఎర్రబొమ్మల పద్ధతి, సుమారు క్రీ.పూ. 525 నుంచి. పూర్తి నలుపు మీద తెలుపు, పసుపు రంగులతో ద్రాక్షతీగలు, పూదండలు వేసి ఉంటే అది నథియా రకం, క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఇటలీలోని అపూలియాలో చేసింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా నథియాయే. ధర అందుబాటులో ఉంటుంది, పేరున్న చిత్రకారుడి పేరు తగిలించి ధర పెంచే బాధ తక్కువ.

2. కాగితాలు అడగండి

ఎక్కువ కప్పులు ఈ మెట్టులోనే ఆగిపోతాయి. ఆగిపోవాలి కూడా.

గ్రీకు కప్పులు చాలావరకు బయటపడింది గ్రీసులో కాదు, ఇటలీలో. ఆ రోజుల్లో ఇటలీలో ఉన్న ఎట్రుస్కన్లు అనే జాతివాళ్లు వాటిని కొని తమ సమాధుల్లో పెట్టుకునేవారు. 1828 తర్వాత వల్చీ అనే ఒక్క చోటే నెపోలియన్ తమ్ముడు లూసియన్ బొనపార్ట్ తవ్వకాల్లో వేల పాత్రలు బయటపడ్డాయి. అలాంటి పాత తవ్వకాల సరుకు యూరప్ ఇళ్లలో తరతరాలుగా తిరుగుతోంది. కొనదగ్గవి అవి. దొంగతవ్వకాల సరుకు వేరు. ఇటలీ 1909లోనే పురావస్తువుల ఎగుమతిని కట్టడి చేసింది. గ్రీసులో 2002 నాటి 3028 నంబరు చట్టం ఇప్పుడు 2021 నాటి 4858 నంబరు చట్టంలో భాగంగా అమల్లో ఉంది. అంటే "గ్రీకు" కప్పుకి ఇటలీ చట్టం కూడా అడ్డొస్తుంది. చాలామంది గ్రీసు గురించి మాత్రమే అడిగి ఊరుకుంటారు.

అమ్మకందారుకి ఇలా రాయండి:

"ఈ కప్పు 1970కి ముందు ఎవరి దగ్గర, ఏ దేశంలో ఉందో చూపే కాగితం ఉందా? పాత బిల్లు, వేలం కేటలాగు పేజీ, తేదీ ఉన్న ఫోటో, ఉత్తరం, బీమా పత్రం, ఏదైనా సరే. దాని స్కాన్ పంపగలరా? ఎగుమతి అనుమతి ఉంటే అదీ పంపండి. రిపేరు చేసిన చోట్లు ఏవి? రిపేరుకి ముందు తీసిన ఫోటోలు ఉన్నాయా?"

1970 ఎందుకంటే, దొంగ పురావస్తువుల రవాణా మీద యునెస్కో ఒప్పందం వచ్చిన ఏడాది అది. మ్యూజియాలు, పరువున్న వ్యాపారులు గీత అక్కడే గీస్తారు.

జవాబుగా "స్విట్జర్లాండ్‌లో ఒక ప్రైవేటు కలెక్షన్, 1980లు" అని మాత్రమే వస్తే అది జవాబు కాదు. 1995లో జెనీవాలో జాకోమో మెదిచి అనే వ్యాపారి గోదాముల మీద దాడి చేస్తే, అప్పుడే తవ్వితీసి మట్టి కూడా వదలని పాత్రల పోలరాయిడ్ ఫోటోలు వేలల్లో దొరికాయి. ఆ ఫోటోలతో సరిపోయి వేలం నుంచి వెనక్కి తీసుకున్న వస్తువులు ఉన్నాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 1972లో పది లక్షల డాలర్లకు కొన్న, ఏథెన్స్ చిత్రకారుడు యుఫ్రోనియోస్ బొమ్మలు వేసిన పాత్రనే 2008లో ఇటలీకి తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. యుఫ్రోనియోస్ కుమ్మరిగా సంతకం చేసి, ఒనెసిమోస్ బొమ్మలు వేసిన ఒక పెద్ద కైలిక్స్‌ని గెటీ మ్యూజియం 1999లో వెనక్కి పంపింది. వాళ్లకున్న లాయర్లు మనకు ఉండరు.

హెచ్చరిక: అమ్మేవాడే ఇచ్చే "అసలుదని సర్టిఫికెట్" కాగితాల కిందికి రాదు. కప్పు ఎక్కడి నుంచి వచ్చిందో అది చెప్పదు.

3. కప్పు ఎక్కడైనా నమోదై ఉందేమో వెతకండి

దీనికి డబ్బు అక్కర్లేదు, ఒక సాయంత్రం చాలు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారి బీజ్లీ ఆర్కైవ్‌లో ఏథెన్స్ పాత్రల వివరాలు లక్షకు పైగా ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. ఆకారం, బొమ్మలోని విషయం, చిత్రకారుడి పేరు ఎంచుకుని వెతకండి. ఇంటర్‌పోల్ వాళ్ల ఐడీ-ఆర్ట్ యాప్‌లో దొంగిలించిన వస్తువుల జాబితా ఉంటుంది. ఆర్ట్ లాస్ రిజిస్టర్ డబ్బు తీసుకుని వెతికి పత్రం ఇస్తుంది, మంచి వేలం సంస్థలు ఆ పని ముందే చేయించి ఉంటాయి.

దొంగ జాబితాలో లేదంటే కప్పు శుభ్రమైనదని అర్థం కాదు. నేలలోంచి నేరుగా తీసిన కప్పుని ఎవరూ "పోయింది" అని నమోదు చేయించలేరు కదా.

4. కప్పుని తిప్పి, అడుగు చూడండి

చూడనిస్తేనే కొనండి. దూరమైతే అడుగు, పాదం అంచు, పిడుల కింది భాగం, లోపలి భాగం విడివిడిగా ఫోటోలు అడగండి. ముందు వైపు ఫోటోలు పది పంపి అడుగుది ఒక్కటీ పంపని అమ్మకందారుని వదిలేయండి.

తువ్వాలు పరిచి, దాని మీదే, తక్కువ ఎత్తులో పట్టుకోండి. ఒక చెయ్యి గిన్నె కింద, ఒక చెయ్యి పక్కన. పిడులు పట్టుకుని ఎత్తకండి, అవి పాత అతుకులైతే చేతికొచ్చేస్తాయి. కైలిక్స్‌ని కాడ పట్టుకుని కూడా ఎత్తకండి.

ఇప్పుడు చూడాల్సినవి:

అరుగుదల. పాదం బల్లకి ఆనే అంచు మీద అరుగుదల ఉండాలి, అది కూడా హెచ్చుతగ్గులుగా. చుట్టూ ఒకేలా ఉంటే గరుకు కాగితంతో రుద్దినట్టే.

కుమ్మరి సారె గుర్తులు. లోపలా, పాదం కిందా సన్నటి వలయాలు టార్చి ఏటవాలుగా పెడితే కనబడతాయి. అవేమీ లేకుండా పిడుల మీద నిలువుగా సన్నటి గట్టు ఉంటే అది అచ్చులో పోసిన కప్పు.

తూకం. మంచి ఏథెన్స్ కైలిక్స్ చేతిలోకి తీసుకుంటే, ఇంత తేలికా అనిపిస్తుంది. పర్యాటకులకు అమ్మే నకళ్లు సాధారణంగా మందంగా, బరువుగా ఉంటాయి. అదే రకం, అదే కొలత ఉన్న మ్యూజియం కప్పు బరువు దొరికితే పోల్చండి.

పాదం, గిన్నె ఒకదానివేనా? విరిగిన గిన్నెకి వేరే కప్పు పాదం అతికించడం పాతకాలం నుంచీ ఉన్న వ్యాపారం. మట్టి రంగు, పూత మెరుపు కాడకి పైనా కిందా ఒకేలా ఉన్నాయేమో చూడండి.

పాత చీటీలు, సిరాతో రాసిన నంబర్లు. ఉంటే ఫోటో తీసుకోండి, ఎప్పటికీ పీకకండి. అరిగిపోయిన ఒక వేలం నంబరు మీకు రెండో మెట్టులో దొరకని చరిత్రని ఇవ్వొచ్చు. పాదం కింద గీకిన అక్షరాలు ఆనాటి వర్తకుల గుర్తులు కావచ్చు. పగులుకి రెండు పక్కలా జతగా చిన్న రంధ్రాలుంటే కంగారు పడొద్దు. ఆ రోజుల్లోనే లోహపు తీగతో కుట్టిన రిపేరు అది. నాకైతే అలాంటి కప్పు మీద నమ్మకం పెరుగుతుంది.

5. మట్టి, పూత భూతద్దంలో

ఎక్కడైనా పెచ్చు ఊడిన చోటు వెతికి, అక్కడ చూడండి. ఏథెన్స్ మట్టిలో ఇనుము ఎక్కువ కాబట్టి నారింజ కలిసిన ఎరుపు. కొరింథ్ మట్టి లేత పసుపు. అపూలియా మట్టి సాధారణంగా ఏథెన్స్‌దానికన్నా పాలిపోయి ఉంటుంది, ఎర్రగా కనబడటానికి పైన పల్చటి పూత వేసేవారు.

నలుపు రంగు కాదు, అదీ మట్టే. బాగా వడగట్టిన మట్టి నీళ్లు పూసి, ఆవంలో మూడు దశల్లో కాల్చేవారు. ముందు గాలి ఆడనిచ్చి, తర్వాత గాలి బిగించి 900 డిగ్రీలకు పైగా, చివర మళ్లీ గాలి వదిలి. రెండో దశలో అంతా నల్లబడుతుంది. మూడో దశలో మట్టి మళ్లీ ఎర్రబడుతుంది, పూత మాత్రం గాజులా కరిగి బిగిసిపోయి నల్లగానే ఉండిపోతుంది. సిద్ధాంతం ఇంతకన్నా అక్కర్లేదు. దీనివల్ల మీరు చూడాల్సింది రెండు. పూత మట్టిలో భాగంగా ఉండాలి, పైన పొరలా లేవకూడదు, పెయింట్‌లా ముడతలు పడకూడదు. రెండోది, నలుపు అంతటా ఒకేలా ఉండనక్కర్లేదు. గాలి సరిగా తగలక ఎర్రబడిన మచ్చలు, కప్పు మీద కప్పు పేర్చి కాల్చినప్పుడు లోపల ఏర్పడిన ఎర్రటి గుండ్రటి మరక మంచి గుర్తులే. ఒక్క మచ్చా లేని ఏకరీతి నలుపు అనుమానించదగ్గది.

మట్టి పేరుకుపోయి ఉంటే పాతదని చాలామంది నమ్మకం. మట్టిని జిగురుతో అంటించడం చాలా తేలిక. నేలలో ఉన్నప్పుడు పట్టిన సున్నపు పెచ్చు గట్టిగా, పగుళ్లలోకి కూడా దిగి ఉంటుంది. మొక్కల వేర్ల జాడలు కొమ్మలు కొమ్మలుగా, ఒక పద్ధతి లేకుండా ఉంటాయి. బొమ్మ మీద మాత్రం జాగ్రత్తగా తప్పించి, మిగతా చోట్లే పేరుకున్న "మట్టి" కనబడితే అక్కడితో ఆపేయండి.

హెచ్చరిక: అసిటోన్ ముంచిన దూదితో రుద్దితే కొత్త రంగు వస్తుందని వీడియోల్లో చూపిస్తారు. మీరు చేయకండి. నిజాయితీగా చేసిన పాత రిపేరు కూడా ఊడిపోతుంది, కప్పు ఇంకా మీది కాదు. అది కన్సర్వేటర్, అంటే పాత వస్తువులను బాగుచేసే నిపుణుడు, చేయాల్సిన పని.

6. చీకటి గదిలో అల్ట్రావయొలెట్

గది పూర్తిగా చీకటి చేసి, కళ్లు అలవాటు పడేదాకా ఆగి, టార్చిని నెమ్మదిగా తిప్పండి. కళ్లలోకి కొట్టుకోవద్దు. అసలు పూత మొద్దుగా చీకటిగా ఉంటుంది. పాత రిపేర్లలో వాడిన షెల్లాక్ (లక్క జిగురు) నారింజ రంగులో మెరుస్తుంది, చాలా రకాల ఎపాక్సీ జిగుళ్లు నీలంతెలుపుగా వెలుగుతాయి. తర్వాత వేసిన రంగు పక్కనున్న దానితో కలవకుండా మచ్చలా తేలుతుంది. ఫోటో తీసుకోండి. దుమ్ము, దూది పోగులు కూడా తళుక్కుమంటాయి, వాటిని చూసి హడలిపోకండి.

రిపేరు ఉండటం తప్పు కాదు. ఇంత పాత పల్చటి మట్టి కప్పు ముక్కలవకుండా మిగలడమే అరుదు. ముక్కలు అతికించడం వేరు, లేని ముక్కని కొత్తగా చేసి బొమ్మ కొనసాగించడం వేరు. అమ్మకందారు చెప్పిన రిపేరుకీ, టార్చి చూపిన రిపేరుకీ తేడా ఎంతో లెక్క వేయండి. తేడా ఎక్కువైతే ఆయన మిగతా మాటలకూ అదే విలువ ఇవ్వండి. టార్చిలో ఏమీ కనబడకపోతే రిపేరు లేదని మాత్రం తేల్చకండి, ఈ వెలుగుకి దొరకకుండా పైన పూసే వార్నిష్‌లు ఉన్నాయి.

7. ఇప్పుడు బొమ్మ

నల్లబొమ్మల కప్పులో గీకిన గీతలు కాల్చకముందు గీకినవి. అందుకే భూతద్దంలో వాటి అంచులు నున్నగా ఉంటాయి. కాల్చిన తర్వాత గీకితే గట్టిపడిన పూత పెచ్చులుగా లేస్తుంది, అంచు రంపంలా కనబడుతుంది, గీత లోపలి మట్టి తాజాగా ఉంటుంది. నాకు తెలిసినంతలో ఇంత తేలికైన, ఇంత నమ్మదగ్గ పరీక్ష ఇంకొకటి లేదు.

ఎర్రబొమ్మల కప్పులో టార్చి ఏటవాలుగా పెట్టండి. ముఖ్యమైన నల్ల గీతలు చిన్న గట్టులా పైకి లేచి నీడ పడాలి. బొమ్మ లోపల, పచ్చిమట్టి మీద ముందుగా గీసుకున్న చిత్తు గీతల లోతు జాడలు కనబడొచ్చు. చిత్రకారుడు తర్వాత మనసు మార్చుకుని చెయ్యి వేరే చోట వేసి ఉంటే ఆ జాడ ఇంకా బాగా తెలుస్తుంది. బొమ్మ చుట్టూ ముందుగా ఒక పట్టీ నలుపు పూసుకుని, తర్వాత మిగతా నేపథ్యం నింపేవారు, ఆ పట్టీ అంచు కూడా వెతకండి. మామూలు గుడ్లగూబ కప్పులు హడావుడిగా వేసినవి కాబట్టి ఇవన్నీ అందులో ఉండవు.

తెలుపు, ఊదా కలిసిన ఎరుపు విడిగా పైన వేసిన రంగులు, అందుకే చాలాసార్లు రాలిపోయి మసక నీడ లాంటి జాడ మిగులుతుంది. నథియా కప్పు మీద తెలుపు ఎక్కడా చెక్కుచెదరకుండా ఉంటే ఆరో మెట్టుకి వెనక్కి వెళ్లండి.

ఇక్కడే ఇంకో మోసం ఉంది. బొమ్మల్లేని పాత నల్ల కప్పు చౌక. దాని మీద బొమ్మ వేస్తే ధర పెరుగుతుంది. మట్టి పాతది, పూత పాతది, పాదం అరుగుదల పాతది, బొమ్మ కొత్తది. పై మెట్లన్నీ దాటి వచ్చిన కప్పుని ఈ మెట్టులో పట్టుకోవాలి. పేరున్న చిత్రకారుడి సంతకంతో చౌకగా వచ్చిన కప్పు చూస్తే నేను ఫోటో కూడా పెద్దది చేసి చూడను.

8. ల్యాబ్ పరీక్ష, అవసరమైతేనే

థెర్మోల్యూమినిసెన్స్ పరీక్ష మట్టిని చివరిసారి ఎప్పుడు కాల్చారో సుమారుగా చెబుతుంది. పాదం కింద సన్నగా డ్రిల్ చేసి పొడి తీస్తారు. పాతదా, ఆధునికమా అన్నంతవరకు పనికొస్తుంది, ఏ శతాబ్దమో తేల్చడానికి కాదు. పాత కప్పు మీద వేసిన కొత్త బొమ్మని ఇది పట్టుకోలేదు. పాదం వేరే కప్పుదైతే పాదం వయసే చెబుతుంది. కొన్ని వందల డాలర్ల కప్పుకి ఇది దండగ, పల్చటి కైలిక్స్‌కి ప్రమాదం. ఆ డబ్బుతో ఒక కన్సర్వేటర్ చేత ఒక గంట చూపించుకోండి, ఎక్కువ తెలుస్తుంది.

9. డబ్బు కట్టే ముందు

బిల్లు మీద కప్పు ఏది, ఎక్కడిది, ఏ కాలం, ఏ రిపేర్లు, ఇంతకుముందు ఎవరి దగ్గర ఉంది అన్నవన్నీ రాయించండి. "నకిలీ అని తేలితే డబ్బు వాపసు" అన్న షరతు గడువుతో సహా ఉండాలి.

కప్పు దేశం దాటుతుంటే ఇంకొంచెం పని. అమెరికాకి ఇటలీతో 2001 నుంచి, గ్రీసుతో 2011 నుంచి పురావస్తువుల దిగుమతి మీద ఒప్పందాలున్నాయి, కాగితాల్లేని కప్పుని కస్టమ్స్ పట్టుకోవచ్చు. యూరోపియన్ యూనియన్‌లోకి 250 ఏళ్లు దాటిన తవ్వకాల వస్తువు తేవాలంటే 2025 జూన్ 28 నుంచి లైసెన్సు కావాలి. కస్టమ్స్ ఫారంలో "డెకరేటివ్ బౌల్" అని రాసి పంపుతానని అమ్మకందారు అంటే ఒప్పుకోకండి, ఇరుక్కునేది మీరే.

హైదరాబాద్‌కో విజయవాడకో తెచ్చుకోవాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మన 1972 నాటి పురావస్తువుల చట్టంలో వందేళ్లు దాటిన కళాఖండం పురావస్తువు కిందికి వస్తుంది, ప్రైవేటు వ్యక్తులు పురావస్తువుని దేశం బయటికి పంపకూడదు. రేపు మళ్లీ డల్లాస్ తీసుకెళ్దాం అనుకుంటే చిక్కు. తెచ్చే ముందే కస్టమ్స్ ఏజెంటునీ, పురావస్తు శాఖనూ అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

ఇంటికొచ్చాక

కడగకండి. వెనిగర్, నిమ్మరసం అసలు తగలనివ్వకండి, ఆమ్లం సున్నపు పెచ్చుని తినేస్తుంది, పాత రిపేరునీ పాడుచేయొచ్చు. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు, రంగు రాలుతున్న చోట అదీ వద్దు. అందులో వైన్ పోసి తాగుతానని సరదాగా అనేవాళ్లున్నారు. మట్టి పీల్చుకుంటుంది, అతుకులు వదులవుతాయి, దయచేసి వద్దు. పైన తెల్లటి పొడి తేలుతుంటే లోపలి ఉప్పు బయటికి వస్తోందని అర్థం. తుడిచి ఊరుకోకుండా కన్సర్వేటర్‌కి చూపించండి. ఏసీ గాలి నేరుగా తగిలే చోటా, కిటికీ ఎండలోనూ పెట్టకండి.

కాగితాలన్నీ స్కాన్ చేసి రెండు చోట్ల దాచండి. మీ తర్వాత కొనేవాళ్లు కూడా ఇవే ప్రశ్నలు అడుగుతారు.

అసలుది వద్దనుకుంటే

కాగితాల తలనొప్పి పడలేనివాళ్లకు మ్యూజియం షాపుల్లో నకలు అని రాసి అమ్మేవి ఉన్నాయి. గ్రీసు వెళ్లినప్పుడు కొంటే బిల్లు, నకలు అని చెప్పే పత్రం కప్పుతోపాటే పెట్టుకోండి, విమానాశ్రయంలో అడిగితే చూపించాలి. "ఒక్క పెంకు ముక్కే కదా" అని తవ్వకాల చోట నేల మీది ముక్క ఏరి జేబులో వేసుకోవడం మాత్రం ఆ దేశంలో నేరం.